కొత్త రైతులకు శిక్షణ: పది రోజులు చాలవు

ప్రశ్న: కల్యాణదుర్గం దగ్గరి పల్లెలో మేము నలుగురం విశ్రాంత ఉపాధ్యాయులం కలిసి, సేద్యం మొదలుపెట్టాలనుకునే 22 మంది యువతీయువకులకు నిరుడు వేసవిలో పది రోజుల శిక్షణ ఇచ్చాము. హాలు అద్దెకు, భోజనాలకు, పుస్తకాలకు చేతి డబ్బు ఖర్చుపెట్టాము. తొలకరి నాటికి పొలంలో మిగిలింది ఆరుగురే. ఈసారి ఎవరి సాయం అడగాలి?

జవాబు: ఆ ఆరుగురు మిగలడం చిన్న విషయం కాదు. తక్కినవారు వెళ్లిపోవడానికి మీ పాఠాల్లోని లోపం కారణమని మేము అనుకోవడం లేదు. వేసవిలో విన్నది జూన్, జూలైలలో విత్తనం వేసే వేళకు సందేహంగా మారుతుంది, ఆ సందేహం తీర్చే మనిషి గట్టు మీద లేకపోతే కొత్తవాడు బెంగళూరు బస్సు ఎక్కుతాడు. అందుకే హాలు అద్దెకు పెట్టే డబ్బును పైరు కాలమంతా సాగే పొలంబడికి మళ్లించండి. 1989లో ఇండొనేషియా వరి రైతుల కోసం మొదలైన ఈ పద్ధతి మన వ్యవసాయశాఖకు కొత్తది కాదు. పాతిక మంది వరకు ఒక జట్టుగా వారానికొకసారి ఒకే చేనులో కలుసుకుని, మొక్కను, పురుగును, మిత్రపురుగును, నేల తేమను తామే పరిశీలించి, ఆ వారం ఏం చేయాలో తామే నిర్ణయించుకుంటారు. మీ 22 మంది సరిగ్గా ఒక జట్టు. వేరుశనగ విత్తింది మొదలు పీకేదాకా దాదాపు నాలుగు నెలలు, అంటే పదహారు కలయికలు. దీనికి కావలసింది ఒక ఎకరం చేను, అనుభవమున్న ఒక రైతు. ఆ రైతుకు రోజు కూలి తప్పక చెల్లించండి, ఆయన సమయం ఉచితమనుకోవడం న్యాయం కాదు.

శాస్త్రవేత్తల సలహా కోసం రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రాన్ని అడగండి. గ్రామీణ యువతకు శిక్షణ ఇవ్వడం, రైతుల చేలలో ప్రదర్శనా క్షేత్రాలు వేయడం కృషి విజ్ఞాన కేంద్రాల విధుల్లోనివే కనుక మీ చేనునే ప్రదర్శనకు తీసుకోమని కోరవచ్చు. కదిరి పరిశోధన కేంద్రం విడుదల చేసిన కదిరి లేపాక్షి వంటి వేరుశనగ రకాన్ని పాత రకం పక్కన వేసి చూపితే పుస్తకం అవసరం చాలావరకు తగ్గుతుంది. పొలంబడికి, విజ్ఞాన యాత్రలకు నిధులుండేది జిల్లా వ్యవసాయ సాంకేతిక యాజమాన్య సంస్థ (ఆత్మ) కార్యాలయంలో. ఏడాది ప్రణాళిక ఖరారయ్యే ముందే రాతపూర్వకంగా అడగండి, పైరు వేశాక అడిగితే ఆలస్యమవుతుంది. ప్రకృతి సేద్యం వైపు మొగ్గేవారికి, ఆ సేద్యాన్ని ప్రోత్సహించే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ అయిన రైతు సాధికార సంస్థ కింద పనిచేసే అనుభవజ్ఞులైన రైతులే గురువులు. మీ జిల్లాలో వానకు ముందే నవధాన్యాలు చల్లే పద్ధతిని వారి చేలలోనే చూడవచ్చు. పాడి, గొర్రెలు, పుట్టగొడుగుల వైపు వెళ్లేవారిని బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థకు పంపండి. అక్కడ వసతి, భోజనం ఉచితం, శిక్షణ తరువాత రెండేళ్లపాటు వెన్నంటి ఉండాలన్నది ఆ పథకంలోనే ఉన్న నియమం.

ఇక మీరు ప్రశ్నలో రాయని విషయం, మాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది, భూమి. వెళ్లిపోయిన పదహారు మందిలో సొంత పేరున పాసుపుస్తకం ఉన్నవారెందరో ఒకసారి లెక్క చూడండి. తండ్రి పేరున ఉన్న చేనును, నోటిమాట మీద గుత్తకు తీసుకున్న చేనును చూపి పంట రుణం తెచ్చుకోవడం కష్టం. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద గుత్తదారుకు 11 నెలల గడువుతో సాగు హక్కుల కార్డు ఇస్తారు, అయితే అందుకు భూ యజమాని ఒప్పుకోవాలి. ఆ ఒప్పందానికి యజమానులు జంకుతారు, హక్కు పోతుందేమోనని భయం. ఊళ్లో మీ మాటకు విలువ ఉంది కాబట్టి, ఆ కార్డు వల్ల యాజమాన్య హక్కు మారదని వారికి ఓపికగా చెప్పగలవారు మీరే. కార్డు దొరకని చోట నలుగురి నుంచి పది మంది వరకు కలిసి, ఒకరి అప్పుకు మరొకరు పూచీగా ఉండే ఉమ్మడి బాధ్యతా సంఘంగా ఏర్పడితే బ్యాంకు తలుపు తెరుచుకునే అవకాశం ఉంటుంది. పైరు వేయగానే రైతు సేవా కేంద్రంలో ఈ-పంట నమోదు (ఎవరు ఏ చేనులో ఏ పైరు వేశారో ప్రభుత్వ లెక్కలో రాయించడం) మాత్రం మరవనివ్వకండి, అది లేకపోతే బీమా వేళ, అమ్మకం వేళ చిక్కులు వస్తాయి.

ముందుగా ఆ ఆరుగురినే కలవండి. వచ్చే జట్టుకు గట్టు మీద నిలబడవలసింది వారే.