వెడల్పు తెర, సాగిన బొమ్మ: మీ ప్రశ్నలకు జవాబులు

పోయిన నెల ఇదే శీర్షికలో మానిటర్ల గురించి ఒక్క ప్రశ్నకు జవాబిచ్చాను, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం అవే. చాలామంది రాసింది ఒకటే మాట, "ఆట ఓపెన్ అవుతోంది కానీ ఏదోలా ఉంది" అని. ఆ "ఏదోలా" ఏంటో చెప్పకపోతే మందు చెప్పడం కష్టం. బొమ్మ అడ్డంగా సాగిందా, పైనా కిందా కోసుకుపోయిందా, లేక రెండు పక్కలా నల్ల పట్టీలు వచ్చాయా? మూడూ వేర్వేరు జబ్బులు. ఇకమీద రాసేవాళ్లు ఆ ఒక్క ముక్కా చేర్చండి, ఇద్దరికీ టైమ్ కలిసొస్తుంది.

ప్రశ్న: చిన్నప్పుడు నెట్ సెంటర్లో ఆడిన వైస్ సిటీ, నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్ రెండూ కొత్త ల్యాప్‌టాప్‌లో వేశాను సార్. వైస్ సిటీలో హీరో టామీ పొట్టిగా, లావుగా కనిపిస్తున్నాడు, మూలన రాడార్ కోడిగుడ్డులా ఉంది. మోస్ట్ వాంటెడ్‌లో అయితే 1920×1080 అనే రిజల్యూషన్ (తెర మీద అడ్డంగా, నిలువుగా ఎన్ని చుక్కలో) లిస్టులోనే లేదు. ఇంకో పాత ఆట తెరలో సగమే కనిపిస్తోంది, మిగతా సగం ఎటు పోయిందో తెలీదు. ల్యాప్‌టాప్‌లో ఏమైనా లోపమా?
— నెట్ సెంటర్ బ్యాచ్, తెనాలి

జవాబు: ల్యాప్‌టాప్‌కి ఏమీ కాలేదు. వైస్ సిటీ పీసీకి వచ్చింది 2003లో, మోస్ట్ వాంటెడ్ 2005లో. అప్పట్లో మన టేబుళ్ల మీద ఉన్నవి ఆ వెనక పెద్ద బుర్ర ఉండే మానిటర్లు, వాటి కొలత 4:3, అంటే వెడల్పు నాలుగు పాళ్లయితే ఎత్తు మూడు పాళ్లు. మీ ల్యాప్‌టాప్ తెర 16:9. నాలుగు పాళ్ల వెడల్పు బొమ్మని తెర నిండా పరిస్తే అది అడ్డంగా సరిగ్గా మూడో వంతు సాగుతుంది, టామీ లావెక్కింది అందుకే. మీరు రాడార్‌ని చూసి కనిపెట్టారు చూడండి, అదే అసలైన పరీక్ష. ఏ ఆటైనా సరే, గుండ్రంగా ఉండాల్సిన వస్తువుని చూడాలి, రాడార్ గానీ కారు చక్రం గానీ. అది గుండ్రంగా లేకపోతే సెట్టింగ్స్‌లో ఏ నంబరు రాసి ఉన్నా నమ్మొద్దు.

ముందు సులువైనది చేయండి. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు అయితే దాని కంట్రోల్ ప్యానెల్‌లో డెస్క్‌టాప్ సైజు, పొజిషన్ మార్చే పేజీ ఉంటుంది, అక్కడ ఫుల్‌స్క్రీన్ బదులు యాస్పెక్ట్ రేషియో అని పెట్టి, స్కేలింగ్ పని, అంటే బొమ్మని తెరకి సరిపడా పెంచే పని, జీపీయూకి (గ్రాఫిక్స్ కార్డుకి) అప్పజెప్పండి. ఏఎండీ వాళ్లకి ఇదే జీపీయూ స్కేలింగ్ పేరుతో డిస్‌ప్లే పేజీలో ఉంటుంది. ఇంటెల్ గ్రాఫిక్స్ మాత్రమే ఉన్న ల్యాప్‌టాప్‌లోనూ మెయింటైన్ యాస్పెక్ట్ రేషియో ఉంటుంది. ఇది పెట్టగానే పక్కల నల్ల పట్టీలు వస్తాయి, టామీ మళ్లీ సన్నబడతాడు. నన్నడిగితే సాగదీసిన బొమ్మకంటే నల్ల పట్టీ వెయ్యి రెట్లు నయం. మా ఇంట్లో మాత్రం తెర నిండకపోతే డబ్బులు దండగైనట్టు చూస్తారు.

తెర నిండాలి, బొమ్మ కూడా సాగకూడదు అంటే వైడ్‌స్క్రీన్ ఫిక్స్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ వేయాలి. ఈ రెండు ఆటలకీ అభిమానులు చేసి ఉచితంగా ఇస్తున్నవి ఉన్నాయి. జిప్ విప్పి, ఆట ఎక్స్ఈ ఫైలు ఉన్న ఫోల్డర్‌లోనే పడేయాలి. ఒక డీఎల్ఎల్ ఫైలు, స్క్రిప్ట్స్ అనే ఫోల్డరు, అందులో సెట్టింగ్స్ రాసి ఉండే ఒక ఐఎన్ఐ ఫైలు వస్తాయి. మోస్ట్ వాంటెడ్‌కి వేసేదాంట్లో రిజల్యూషన్ దగ్గర రెండు సున్నాలు ఉంటే మీ డెస్క్‌టాప్ ఎంత ఉందో అదే తీసుకుంటుంది, వాటిని కదపొద్దు. ఆ ఆటకి 1.3 ప్యాచ్, అంటే కంపెనీ తర్వాత ఇచ్చిన సవరణ, వేసి ఉండాలి. చాలామంది "ఫిక్స్ పనిచేయలేదు" అని రాస్తారు, తీరా చూస్తే పాత వెర్షన్ మీదో, ఎవరో కుదించి ఇచ్చిన కాపీ మీదో వేసి ఉంటారు. ఇంకో మాట, ఆటని ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాకుండా డి డ్రైవ్‌లో మామూలు ఫోల్డర్‌లో పెట్టుకోండి, లేకపోతే విండోస్ పర్మిషన్ల గొడవలో మీరు మార్చిన ఐఎన్ఐ సేవ్ అవదు, రాత్రంతా అదే మార్చుకుంటూ కూర్చోవాలి.

ఫిక్స్ చేసే పని చిన్నదేం కాదు. పాత ఆటలో కెమెరాకి ఎదురుగా 90 డిగ్రీల మేర కనిపించేది అనుకుందాం. ఎత్తు అలాగే ఉంచి పక్కలు మాత్రమే పెంచితే 16:9 తెర మీద అది దాదాపు 106 డిగ్రీలు అవుతుంది. రోడ్డు పక్క షాపులు అదనంగా కనిపిస్తాయి, ఏదీ సాగదు. కొన్ని ఆటలు దీన్ని తలకిందులుగా చేశాయి: వెడల్పు అలాగే ఉంచి పైనా కిందా కోసేసి, ఇదే వైడ్‌స్క్రీన్ అన్నాయి. 2007లో బయోషాక్ వచ్చినప్పుడు జరిగిన గొడవ ఇదే. డబ్బులు పెట్టి కొత్త వెడల్పు తెర కొన్నవాడికి పాత మానిటర్ వాడికంటే తక్కువ కనిపించింది! ఆటగాళ్లు గోల పెట్టాక ప్యాచ్‌లో దానికో ఆప్షన్ ఇచ్చారు.

మీ మూడో ఆట, ఆ సగం కనిపించేది, వేరే కథ. ల్యాప్‌టాప్ చిన్న తెరలో అక్షరాలు కనపడాలని విండోస్ అన్నిటినీ 125 లేదా 150 శాతానికి పెంచి ఉంచుతుంది, పాత ఆటకి ఆ సంగతి తెలీదు పాపం. ఎక్స్ఈ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, అందులో హై డీపీఐ సెట్టింగ్స్. అక్కడ ఓవర్‌రైడ్ టిక్ పెట్టి, అప్లికేషన్ అని ఎంచుకోండి. దీంతో అయిపోవాలి.

ప్రశ్న: అన్నా, 165 హెర్ట్జ్ మానిటర్ కొన్న. ఆటలో 60 దాటుత లేదు. షాపతను కార్డు మార్చమంటున్నడు.
— హాస్టల్ రూమ్, వరంగల్

జవాబు: కార్డు మార్చకు తమ్ముడూ. 165 హెర్ట్జ్ అంటే సెకనుకి 165 బొమ్మలు చూపగల తెర. కొత్త మానిటర్ పెట్టగానే విండోస్ చాలాసార్లు 60 దగ్గరే ఆగిపోతుంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి 165 పెట్టు. అక్కడ 165 కనిపించకపోతే కేబుల్ చూడు. పాత హెచ్‌డీఎంఐ వైరు అయితే తీసి, డబ్బాలో వచ్చిన డిస్‌ప్లేపోర్ట్ వైరు పెట్టు. అదీ కాకపోతే సీపీయూ వెనక చూడు. వైరు గ్రాఫిక్స్ కార్డుకి కాకుండా పైన మదర్‌బోర్డు పోర్టుకి గుచ్చి ఉంటే నువ్వు ఇన్నాళ్లూ కార్డు లేకుండా ఆడుతున్నట్టే. నవ్వకు, నేనూ ఒకసారి వారం రోజులు అలాగే ఆడాను. ఇవన్నీ అయ్యాక ఆటలో ఫ్రేమ్‌ల వేగాన్ని కట్టేసే వీసింక్, ఫ్రేమ్ లిమిట్ ఒకసారి చూసుకో.

ప్రశ్న: 34 అంగుళాల అల్ట్రావైడ్ (మామూలుకంటే బాగా వెడల్పు) మానిటర్ కొన్నానండీ, 3440×1440. "అంత డబ్బు పెట్టి ఏం తెచ్చావ్" అని మా ఆవిడ అడిగితే చూపిద్దామని ఎల్డెన్ రింగ్ పెట్టాను, రెండు పక్కలా నల్ల గోడలు. వాలరెంట్‌లో కూడా అదనంగా కనిపించేదేమీ లేదు. వెనక్కి ఇచ్చేయమంటారా?
— కొత్త మానిటర్, పాత తిట్లు, మియాపూర్

జవాబు: ఇచ్చేయకండి, తప్పు ఆటలతో మొదలుపెట్టారు అంతే. 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్ 16:9కే కట్టేసిన ఆట. మీ తెరలో నడుమ 2560 పిక్సెళ్లు వాడుకుని ఒక్కో పక్క 440 ఖాళీగా వదిలేస్తుంది. పట్టీలు తీసే మాడ్లు (అభిమానులు చేసిన మార్పులు) ఉన్నాయి కానీ మోసాన్ని పట్టే ఈజీ యాంటీ చీట్ ఆపేసి ఆఫ్‌లైన్‌లోనే ఆడాలి. అంటే తోడు పిలవడం, ఇతరుల మెసేజ్‌లు, ఎవడో వచ్చి మీద పడటం, అన్నీ పోతాయి. ఒంటరిగా ఆడేవాళ్లకి ఫర్వాలేదు. ఆన్‌లైన్‌లో ఉంటూ మాడ్ పెట్టడం మాత్రం వద్దు, అకౌంట్ మీదకి తెచ్చుకోవడమే.

వాలరెంట్ విషయంలో అది బగ్ కాదు, కావాలనే చేసింది. ఎవరి తెర ఎంతున్నా అందరికీ 103 డిగ్రీల చూపే అని గీత గీశారు. పోటీ ఆటలో పెద్ద మానిటర్ కొన్నవాడికి మూల మలుపులో దాక్కున్నవాడు ముందు కనిపిస్తే అది ఆటెలా అవుతుంది? దానికి ఏ టూలూ వెతకొద్దు. కౌంటర్ స్ట్రైక్‌లో కొందరు పనిగట్టుకుని 4:3 పెట్టి సాగదీసుకుని ఆడతారు, పక్కల కనిపించేది తగ్గుతుంది, బదులుగా ఎదుటివాడు లావుగా కనిపిస్తాడు. టామీ లావయ్యాడని పైన ఒకరు బాధపడుతుంటే వీళ్లకి అదే కావాలి!

మీ ఆవిడకి చూపించాలంటే ఏదైనా కార్ల ఆటో, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డెఫినిటివ్ ఎడిషనో పెట్టండి. పొలాలు, గొర్రెలు, పక్క ఊరి గోడ, అన్నీ ఒకే చూపులో. ఫ్రేమ్‌లు కొంచెం పడిపోతాయి, కంగారొద్దు, మామూలు 2560×1440 తెరకంటే కార్డు మూడో వంతు ఎక్కువ పిక్సెళ్లు గీయాలి కదా.

అల్ట్రావైడ్ కొనాలనుకునే మిగతావాళ్లకి ఒక హెచ్చరిక. అంగుళాలు చూసి మోసపోకండి. 29 అంగుళాల అల్ట్రావైడ్ ఎత్తు మామూలు 23 అంగుళాల మానిటర్ ఎత్తే. 34 అంగుళాలది దాదాపు 27 అంత ఉంటుంది. ఇప్పుడు 27 వాడుతూ "29 అంటే ఇంకా పెద్దది" అని కొన్నవాళ్లు డబ్బా విప్పగానే ఉసూరుమంటారు.

ప్రశ్న: వర్క్ ఫ్రమ్ హోమ్ కోసం రెండో మానిటర్ తెచ్చుకున్నాను. ఆటలో మౌస్ జారి పక్క తెర మీదకి పోతోంది, క్లిక్ చేస్తే ఆట మినిమైజ్ అయి చచ్చిపోతున్నాను. కొన్ని ఆటలు పక్క తెర మీదే తెరుచుకుంటున్నాయి. రెండూ కలిపి ఒకే పెద్ద తెరగా ఆడొచ్చా?
— రెండు తెరల మధ్య, విశాఖపట్నం

జవాబు: చివరిదానికి ముందు చెప్తాను: వద్దు. రెండు తెరలు కలిపితే సరిగ్గా నడిమధ్యన ఫ్రేము వస్తుంది, మీ తుపాకీ గురి, మీ కారు, అన్నీ ఆ ప్లాస్టిక్ కమ్మీ వెనక ఉంటాయి. కలిపితే మూడు కలపాలి, లేకపోతే ఒక్కదాంట్లో ఆడాలి.

మౌస్ జారేది ఆట బోర్డర్‌లెస్ విండోలో (తెర నిండా కనిపించినా లోపల మామూలు విండోనే) ఉండి, కర్సర్‌ని కట్టేసుకోనప్పుడు. ఆటలో కర్సర్ లాక్ లాంటి ఆప్షన్ ఉంటే పెట్టండి, లేకపోతే ఫుల్‌స్క్రీన్‌కి మార్చండి. పక్క తెరలో మీటింగ్ చాట్ చూసుకుంటూ ఆడే అలవాటుంటే (ఆఫీసు వాళ్లు ఇది చదవరనుకుంటా) బోర్డర్‌లెస్సే హాయి, ఆల్ట్ ట్యాబ్ కొట్టినా ఆట కిందకి పడిపోదు. తప్పు తెరలో తెరుచుకున్నదాన్ని విండోస్ కీ, షిఫ్ట్, బాణం కీ కలిపి నొక్కి ఇటు లాగొచ్చు. ప్రతిసారీ అలాగే వస్తుంటే డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో మీరు ఆడే మానిటర్‌ని మెయిన్ డిస్‌ప్లే చేయండి. చాలా పాత ఆటలు మెయిన్ తెర తప్ప వేరేది ఎరగవు.

ఒకటి 144, ఇంకోటి 60 హెర్ట్జ్ అయితే పక్కన వీడియో నడుస్తున్నప్పుడు ఆట కుదుపులిచ్చేది. విండోస్ 10కి 2020 మే అప్‌డేట్ వచ్చాక అది చాలావరకు తగ్గింది, కాబట్టి అప్‌డేట్లు ఆపేసి కూర్చోకండి.

ప్రశ్న: యూరో ట్రక్ సిమ్యులేటర్ 2, అసెట్టో కోర్సా ఆడతాను. స్టీరింగ్ ఉంది. మూడు మానిటర్లు పెట్టాను కానీ పక్క తెరల్లో చెట్లు, లారీలు రబ్బరులా సాగిపోతున్నాయి. అరగంట ఆడితే తల తిరుగుతోంది.
— లైసెన్స్ లేని లారీ డ్రైవరు, గుంటూరు

జవాబు: మీ ఉత్తరం చూసి సంతోషమేసింది, నేనూ ఒక ఏడాది మూడు తెరలతో ఊరేగినవాణ్నే. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, మూడూ ఒకటే సైజు అని అమ్మినాయన చెప్పాడు, ఇంటికొచ్చి చూస్తే ఒకటి పొట్టిది. కింద పాత పుస్తకాలు పెట్టి ఎత్తు సరిచేశాను.

2009లో ఏఎండీ వాళ్లు ఐఫినిటీ తెచ్చాక ఇది సామాన్యుడి చేతికి వచ్చింది, ఎన్విడియాలో దాని పేరు సరౌండ్. రెండూ చేసేది ఒకటే: మూడు 1920×1080 తెరల్ని కలిపి 5760×1080 అనే ఒకే తెర ఉన్నట్టు ఆటని నమ్మిస్తాయి. ఆట నమ్మేస్తుంది. తిప్పలు అక్కడే మొదలవుతాయి, ఎందుకంటే దాని లెక్కలో మీ ముందున్నది ఒక పొడవాటి చదునైన గోడ. పాత 90 డిగ్రీల చూపు ఈ వెడల్పుకి 152 డిగ్రీలు అవుతుంది, చదును తెర మీద అంత చూపు గీస్తే చివరలు సాగక తప్పదు. మీరేమో పక్క మానిటర్లని మీ వైపు మడిచి పెట్టుకున్నారు. కన్ను ఒకటి చూస్తుంటే ఆట ఇంకోటి గీస్తోంది, తల తిరగదా మరి.

ఒక్కో తెరకీ విడిగా, దాని కోణంలో గీయమని చెప్పాలి. అదృష్టం కొద్దీ మీ ఆటలు రెండూ అది చేయగలవు. అసెట్టో కోర్సా వీడియో సెట్టింగ్స్‌లో ట్రిపుల్ స్క్రీన్ మోడ్ ఉంది, అది పెట్టి మానిటర్ వెడల్పు, మీ కంటికీ తెరకీ దూరం, పక్క తెరల కోణం ఇవ్వాలి. యూరో ట్రక్‌లో మెనూలో దొరకదు, డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్ ఫైలులో మల్టీమోన్ మోడ్ అనే లైను మార్చాలి, దానికి తోడు కోణాలు రాసే ఇంకో ఫైలు ఉంటుంది. మార్చేముందు రెండిటికీ కాపీ తీసిపెట్టుకోండి.

టేపు పట్టుకోవడానికి బద్ధకించకండి, అంచనాకి వేసిన నంబర్లతోనే చాలామంది పాడుచేసుకుంటారు. 27 అంగుళాల మానిటర్ వెడల్పు దాదాపు 60 సెంటీమీటర్లు. మీ కన్ను దానికి 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఒక్కో తెర మీ చూపులో 53 డిగ్రీలు ఆక్రమిస్తుంది, పక్క తెరల్ని కూడా ఇంచుమించు అంతే మడవాలి. సీటు వెనక్కి జరిపితే కోణం తగ్గుతుంది. మొదట్లో "ఇంత జూమ్ అయిందేంటి" అనిపిస్తుంది, రెండు రోజులు ఓపిక పట్టండి, మలుపు ఎంత దూరంలో ఉందో కంటికి నిజంగా తెలుస్తుంది.

మధ్య కమ్మీల సంగతి: సరౌండ్‌లో, ఐఫినిటీలో బెజెల్ కరెక్షన్ అని ఉంటుంది. అది పెడితే కమ్మీ వెనక ఉండాల్సిన బొమ్మని దాచేస్తుంది, కిటికీ కమ్మీల్లోంచి చూసినట్టు రోడ్డు గీత తిన్నగా సాగుతుంది. కానీ మెనూల్లో అక్షరాలు కూడా అక్కడ మాయమవుతాయి, అది భరించాలి. మూడు తెరలూ ఒకే రిజల్యూషన్, ఒకే హెర్ట్జ్ ఉండాలి. కార్డు మీద భారం ఒక తెరకి 21 లక్షల పిక్సెళ్లయితే మూడింటికి 62 లక్షలు, నీడల క్వాలిటీ ఒక మెట్టు దించితే ఊపిరి పీల్చుకుంటుంది.

ప్రశ్న: పీసీని హాల్లో టీవీకి పెట్టాం. నాలుగు పక్కలా అంచులు కోసుకుపోతున్నాయి, ఆటలో బుల్లెట్లు ఎన్నున్నాయో కనపడదు. ఆటలో రిజల్యూషన్ ఎంత మార్చినా అంతే. పైగా మౌస్ ఆలస్యంగా కదులుతోంది.
— హాల్లో పోటీ పడే అన్నదమ్ములు, కర్నూలు

జవాబు: ఆటని వదిలేసి టీవీ రిమోట్ తీసుకోండి. పాత టీవీల అలవాటు కొద్దీ అది బొమ్మ అంచుల్ని కొద్దిగా బయటికి తోసేస్తోంది. పిక్చర్ సైజులో స్క్రీన్ ఫిట్ గానీ జస్ట్ స్కాన్ గానీ 1:1 గానీ ఉంటుంది, కంపెనీని బట్టి పేరు. ఆలస్యానికి గేమ్ మోడ్ పెట్టండి. ఇవేవీ కనిపించకపోతే టీవీలో ఆ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ పేరుని పీసీ అని మార్చి చూడండి, కొన్ని టీవీల్లో దాంతోనే అంచులు వాటంతటవే లోపలికి వచ్చేస్తాయి.