అమ్మమ్మ పుస్తకంలోని సేరు ఏ సేరు?

"నాయనమ్మ రాసిపెట్టిన కొలతలతోనే బిస్కెట్లు చేశాను. మొదటిసారి రాళ్ళలా వచ్చాయి, రెండోసారి పళ్ళెమంతా పాకి అట్టులా అయ్యాయి. తప్పు పుస్తకానిదా, ఓవెన్‌దా?" అని అడిగారు. ఆ రెండూ నాకూ జరిగాయి, అదే వరసలో. పుస్తకంలో తప్పుండదు. ఓవెన్‌కు కొంత వాటా ఉంది. మిగతాదంతా ఆ కాగితాన్ని మనం చదివిన తీరులోనే ఉంటుంది.

మా అమ్మమ్మది తెనాలి. అమ్మ పెళ్ళయ్యాక కాజీపేట రైల్వే క్వార్టర్స్‌కు వచ్చింది. వస్తూ తెచ్చుకున్న సామానులో అమ్మమ్మ రాసుకున్న నల్ల అట్ట లెక్కల పుస్తకం ఒకటి ఉంది. ముందు పేజీల్లో పాల లెక్క, చాకలి పద్దు, వెనక నుంచి తిప్పితే వంటలు. బిస్కెట్ల పేజీలో ఉన్నది ఇంతే: "మైదా సేరు, పంచదార అరసేరు, డాల్డా అరసేరు, గుడ్డు ఒకటి, సోడా చిటికెడు, ఏలకులు. పైనా కిందా నిప్పు. సన్నసెగ." ఎంతసేపు కాల్చాలో లేదు, పిండి ఎలా కలపాలో లేదు. ఆవిడకు తెలిసిన సంగతులు ఆవిడెందుకు రాసుకుంటుంది?

నేను మొదటిసారి చేసినప్పుడు సేరంటే ఎంతని మా అత్తగారిని అడిగాను. ఆవిడది హనుమకొండ. "కిలోకు కాస్త తక్కువ" అన్నారు. సరేనని తొమ్మిది వందల ముప్పై గ్రాముల మైదా తూచాను, పంచదార, డాల్డా అందులో సగం సగం. గుడ్డు మాత్రం పుస్తకంలో ఉన్నట్టే ఒక్కటి. పిండి ఎంత కలిపినా ఇసుకలా రాలిపోయింది, ముద్ద కాలేదు. పాలు పోశాను. మళ్ళీ పోశాను. చివరికి చపాతీ పిండిలా పిసికి, ఒత్తి, బిళ్ళలు కోసి కాల్చాను. మా అబ్బాయి ఒకటి టీలో ముంచి, టీ చల్లారేదాకా ఆగి, అప్పుడు తిన్నాడు. మిగతావి డబ్బాలో పెట్టి ఎవరూ అడగకుండా జాగ్రత్తపడ్డాను.

గుట్టు విప్పింది అమ్మే. ఫోనులో సంగతంతా విని, "మా ఊళ్ళో వీశెకు అయిదు సేర్లే, అది మీ అత్తగారి సేరు కాదు" అంది.

ఇక్కడ కొంచెం ఆగి లెక్క చూడండి, మీకు పనికొస్తుంది. పాత మద్రాసు ప్రెసిడెన్సీ లెక్కలో, అంటే కోస్తా, రాయలసీమ జిల్లాల్లో, పలానికి 3 తులాలు, సేరుకు 8 పలాలు, వీశెకు 5 సేర్లు. తులం 11.66 గ్రాములు. ఆ లెక్కన ఈ సేరు 24 తులాలు, దాదాపు 280 గ్రాములు. వీశె 1,400 గ్రాములు. మా అత్తగారు చెప్పినది 80 తులాల పక్కా సేరు, దగ్గరదగ్గర 933 గ్రాములు. పేరొకటే, బరువు మూడు రెట్లకు పైన తేడా. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చి, ఆ తర్వాత కొన్నేళ్ళకు బజారులో కిలోలు స్థిరపడ్డాయి కానీ, ఇళ్ళల్లో పుస్తకాలను ఎవరు తిరగరాస్తారు?

మైదా, పంచదార, డాల్డా మూడూ సేర్లలోనే ఉన్నాయి కాబట్టి ఏ సేరు తీసుకున్నా వాటి నిష్పత్తి చెడదు. చెడేది గుడ్డు దగ్గర. అది సేర్లలో ఉండదు, లెక్కలో ఉంటుంది. 280 గ్రాముల మైదాకు ఒక గుడ్డు సరిగ్గా సరిపోతుంది. 933 గ్రాములకు అదే ఒక్క గుడ్డు ఎటూ చాలదు. మీ నాయనమ్మ పుట్టిల్లు ఏ జిల్లానో ముందు కనుక్కోండి. ఎవరూ చెప్పలేకపోతే గుడ్లనే సాక్ష్యంగా తీసుకోండి: సేరు మైదాకు ఒక గుడ్డు రాసి ఉంటే చిన్న సేరు, మూడు నాలుగు ఉంటే పెద్ద సేరు. గిద్ద, సోల, తవ్వ అని రాసి ఉంటే అవి తూకాలు కావు, కొలపాత్రలు. 4 గిద్దలు ఒక సోల, 2 సోలలు ఒక తవ్వ. వాటిని గ్రాముల్లోకి మార్చే ప్రయత్నం చేయకండి. ఇంట్లో ఆ పాత గిద్ద ఉంటే దానితోనే కొలవండి, లేదంటే ఏదో ఒక గ్లాసు పట్టుకుని అన్నీ దానితోనే కొలవండి.

రాళ్ళెందుకయ్యాయో కూడా చెప్పాలి. మైదాకు తడి తగిలి, ఆపైన పిసికితే జిగట పుడుతుంది. చపాతీకి కావలసింది అదే, బిస్కెట్‌కు పడనిదీ అదే. ముందు కొవ్వు, పంచదార కలిపి గిలకొట్టి, గుడ్డు వేసి, చివరన మైదా చల్లి వేళ్ళ కొసలతో దగ్గరికి తీయాలి, అంతే. ముద్ద అయిందనిపించగానే చెయ్యి తీసేయాలి. మా అమ్మ దీన్ని "పిండిని భయపెట్టకుండా కలపడం" అనేది.

రెండోసారి నా తప్పు వెన్నది. డాల్డా ఇష్టంలేక ఇంట్లో చిలికిన వెన్న అంతే బరువు వేశాను. మే నెల. వెన్న అప్పటికే నూనెలా జారుతోంది. డాల్డాలో నీరు ఉండదు, అంతా కొవ్వే. కొన్న వెన్నలోనే 80 శాతం కొవ్వు, మిగతాది చాలావరకు నీరు. ఇంటి వెన్నలో ఇంకా ఎక్కువే ఉంటుంది, పిండితే కారుతుంది. పైగా పంచదార పొడి చేయకుండా పలుకుల్లాగే వేశాను. ఓవెన్ వేడెక్కకముందే పళ్ళెం లోపల పెట్టాను. పిండి గట్టిపడేలోపే వెన్న కరిగి పరుగెత్తింది. పన్నెండు బిస్కెట్లు కలిసి ఒక్క బిస్కెట్ అయ్యాయి. చాకుతో ముక్కలు కోసుకుని తిన్నాం. రుచి బాగుందని కూడా చెప్పాలి.

ఇప్పుడు నేను వాడేది నెయ్యి. 280 గ్రాముల మైదాకు 130 గ్రాములు. కరిగించిన నెయ్యి కాదు, పూసకట్టిన నెయ్యి. ఎండాకాలం అయితే ఫ్రిజ్‌లో పెట్టి గడ్డకట్టాక తీస్తాను. వెడల్పు పళ్ళెంలో వేసి అరచేత్తో గుండ్రంగా రుద్దుతూ పోతే అయిదారు నిమిషాలకు పసుపు రంగు పోయి తెల్లగా, తేలిగ్గా, మీగడలా పొంగుతుంది. అప్పుడు 140 గ్రాముల పంచదార పొడి వేసి మళ్ళీ రుద్దాలి. యంత్రం ఉంటే వాడండి, కానీ మొదటి రెండుసార్లు చేత్తోనే చేయండి. పలుకు కరిగిందీ లేనిదీ అరచేతికి తెలిసినట్టు కంటికి తెలియదు. కలిపిన పిండిని అరగంట ఫ్రిజ్‌లో ఉంచి ఆపైన ఒత్తండి. మన ఎండలకు ఈ ఒక్క పనితోనే సగం గొడవ తీరుతుంది.

ఓవెన్ సంగతికి వస్తాను. అమ్మమ్మ కాలంలో ఓవెన్ లేదు. కుంపటి మీద మందపాటి గిన్నె, అందులో ఇసుక, ఇసుక మీద పళ్ళెం, మూత మీద నాలుగు నిప్పులు. "పైనా కిందా నిప్పు" అన్నది దాని గురించే. ఓటీజీలో, అంటే ఇళ్ళల్లో వాడే చిన్న కరెంటు ఓవెన్‌లో, పైదీ కిందదీ రెండు కడ్డీలూ వేయమని ఆవిడ చెప్పినట్టే అనుకోండి. కాజీపేట వచ్చాక అమ్మ ఆ తంటా మానేసి బేకరీ దారి పట్టింది. నాకు బాగా గుర్తున్నది ఆ బేకరీయే.

డిసెంబరులో మా కాలనీలో ఆంగ్లో ఇండియన్ ఇళ్ళు, తెలుగు క్రైస్తవుల ఇళ్ళు, వాటిని చూసి మిగతా ఇళ్ళు కూడా, మైదా, పంచదార, డాల్డా స్టీలు బేసిన్లలో పెట్టుకుని బేకరీకి వెళ్ళేవి. పక్కింటి ఆంటీ కుల్‌కుల్స్ అని పంపేది, చూస్తే అవి మన గవ్వలే. బేకరీలో పొద్దున రొట్టె కాల్చి దించాకే మా వంతు. ఇటుక భట్టీలో కట్టెలు లాగేసి, ఆరిపోతున్న వేడిలో బిస్కెట్ల రేకులు తోసేవాళ్ళు. ఆడవాళ్ళు బల్ల మీద వరసగా కూర్చుని కళ్ళప్పగించి చూస్తుండేవారు, మన డాల్డా పక్కవాళ్ళ పిండిలోకి పోతుందేమోనని. మా అమ్మయితే రేకు మీద ఒక మూల వేలితో గుంట పెట్టి గుర్తు చేసేది. కాలి బయటికొచ్చాక ఆ గుంట ఉన్న రేకే మాది. పెద్ద డబ్బా నిండా బిస్కెట్లు, వెచ్చగా, ఒళ్ళో పెట్టుకుని రిక్షాలో వచ్చేవాళ్ళం.

రొట్టె దిగాక, తగ్గుతున్న వేడిలో. ఈ ముక్క ఏ పుస్తకంలోనూ ఉండదు, ఎందుకంటే అది బేకరీ మేస్త్రికి తెలిసిన పని, మనకు కాదు. దాన్ని ఇంటి ఓవెన్‌లోకి తెచ్చుకోవాలంటే ముందు 180 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు ఖాళీగా వేడెక్కనిచ్చి, పళ్ళెం పెట్టగానే 160కి తగ్గించండి. మధ్య అరలో పెట్టి పదహారు నుంచి పద్దెనిమిది నిమిషాలు. సగంలో ఒకసారి పళ్ళెం అటుదిటు తిప్పండి, చాలా ఓటీజీల్లో ఒక పక్క వేడి ఎక్కువ. అంచులు లేత గోధుమ రంగుకు రాగానే తీసేయండి. మధ్యలో నొక్కితే మెత్తగానే ఉంటుంది, కంగారుపడకండి. చల్లారితేనే గట్టిపడతాయి. మెత్తగా ఉన్నాయని ఇంకో అయిదు నిమిషాలు ఉంచడమే మళ్ళీ రాళ్ళకు దారి. ఓవెన్ మీద రాసిన అంకెను కూడా పూర్తిగా నమ్మకండి. నాది 160 అంటే లోపల 185 ఉండేది. ఓవెన్‌లో పెట్టే చిన్న ఉష్ణమాపకం కొన్నాకే ఆ సంగతి బయటపడింది.

ఓవెన్ లేకపోతే అడుగు మందంగా ఉన్న గిన్నెలో ఉప్పు పోసి, పైన స్టాండు పెట్టి చేయవచ్చు. కానీ పై నిప్పు ఉండదు కాబట్టి పైభాగం తెల్లగానే ఉండిపోతుంది. తినడానికి బాగానే ఉంటాయి.

ఒక్క విషయం మీరు రాయలేదు. మీ పుస్తకంలో సోడా అని ఉందా, అమ్మోనియా అని ఉందా? పాత బేకరీ బిస్కెట్లకు అమ్మోనియా, అంటే అమ్మోనియం బైకార్బొనేట్ పొడి, వాడేవారు, ఇప్పటికీ కొందరు వాడతారు. అది సుమారు 60 డిగ్రీలకే మొత్తం వాయువై పోతుంది, బిస్కెట్ కరకరలాడుతుంది. కాలుతున్నప్పుడు ఓవెన్ తలుపు తీస్తే కళ్ళలో నీళ్ళొస్తాయి, కిటికీలు తెరిచి ఉంచాలి. పలచటి బిస్కెట్లకే అది పనికొస్తుంది, మందంగా చేస్తే ఘాటు లోపలే ఉండిపోతుంది. దాని బదులు అంతే సోడా వేస్తే సబ్బు రుచి వస్తుంది.

ఈసారి పూర్తి కొలతతో చేయకండి. 140 గ్రాముల మైదా, 70 పంచదార పొడి, 65 నెయ్యి, గుడ్డు గిలకొట్టి అందులో సగం, సోడా రెండు వేళ్ళ మధ్య పట్టేంత. ముందు ఆరు బిస్కెట్లు మాత్రం కాల్చి చూడండి, మిగతా పిండి ఫ్రిజ్‌లో ఉంటుంది. అవి పాకితే మిగతా ముద్దలో రెండు చెంచాల మైదా కలపండి, పొడిపొడిగా విరిగితే మిగిలిన గుడ్డులోంచి ఒక చెంచా. నాయనమ్మ ఊరి పేరు, ఆ పేజీలో ఉన్న మాటలు యథాతథంగా రాస్తే సేరు సంగతి తేల్చి చెబుతాను.