రబ్బరు జోలికి పోవద్దు, అమ్మణ్ణీ

తిరుపతి

చిరంజీవి అమ్మణ్ణికి మామ ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నువ్వడిగిన మాట రాత్రంతా నా బుర్రలో తిరగతానే ఉంది. "మామా, ఫొటోషాప్ తెరిస్తే ఎడమపక్క ఇన్ని బొమ్మలు, పైన ఇన్ని మెనూలు. ఏది ముందు నేర్చుకోవాలి?" అన్నావు. చిత్తూరులో స్టూడియో తెరిచి, ముహూర్తాలు దగ్గర పెట్టుకుని అడుగుతున్నావు. ఇది ఫోన్లో తేలే మాట కాదని కాయితం తీసుకున్నా.

ముందు ఏది ముట్టుకోకూడదో చెప్తా. ఎరేజర్. రబ్బరు బొమ్మ ఉంటుందే, అది. ఎందుకో చెప్పాలంటే నా చేత జరిగిన ఒక తప్పు చెప్పాలి.

2021 నవంబరు వానలకు తిరుపతిలో ఎన్నో ఇళ్లలోకి నీళ్లొచ్చినాయి గదా. ఆ తర్వాత కొన్నాళ్లు నా దగ్గరికి వచ్చినవన్నీ తడిసిన ఫొటోలే. ఒకాయన వాళ్ల నాయన ఫొటో తెచ్చినాడు. ఫ్రేములోనే తడిసి గాజుకు అతుక్కుపోయింది. ఇట్లాంటిది నీ దగ్గరికొస్తే గాజు నుంచి పీకొద్దు, మొహం గాజుకే ఉండిపోతుంది. గాజుతోనే స్కాన్ చెయ్యి. లేదంటే లైట్లు రెండుపక్కలా వాలుగా పెట్టి, మెరుపు పడకుండా కెమెరాతో తియ్యి. నేనూ గాజుతోనే స్కాన్ చేసినా. మరకలు తుడుస్తా ఉంటే ఎడమ కనుబొమ్మ మధ్యలో సన్నటి తెల్ల గీత కనబడింది. అదీ నీటి మరకే అనుకుని, పక్క వెంట్రుకలు తెచ్చి కప్పేసినా. పని అయిపోయిందని లేయర్లన్నీ ఫ్లాటెన్ చేసి, అంటే ఒకే పొరగా కలిపేసి, స్కాన్ ఫైలు పేరు మీదనే జేపెగ్‌గా సేవ్ చేసినా.

ఆయన వచ్చి చూసి, "ఇది మా నాయన మాదిరి లేదు సార్" అన్నాడు. ఆ గీత చిన్నప్పుడు తగిలిన దెబ్బ తాలూకు మచ్చంట. మళ్లీ స్కాన్ చేద్దామంటే, ఆ నాలుగు రోజుల్లో ఫొటో ఆరి, పైపొర చిట్లి, ఆ పక్క నుదురు చెంప దాకా రాలిపోయింది. ఆయన నా దగ్గరికి తెచ్చే ముందు ఫోన్‌తో ఒకటి తీసుకుని ఉండబట్టి సరిపోయింది. దాంట్లోనుంచి ఆ కనుబొమ్మ తెచ్చి, కొత్త లేయరుగా పెట్టి, అంచులు కలిపినా. మచ్చ వచ్చింది గానీ, మిగతా మొహంలో ఉండే పదును ఆ చోట రాలేదు. ఆయన ఏమీ అనలేదు. నేను డబ్బులు తీసుకోలేకపోయినా.

అందుకే లేయర్లూ మాస్కులూ ముందు నేర్చుకో. లేయరంటే ఫొటో మీద పరిచిన ట్రేసింగ్ కాయితం అనుకో. నువ్వు గీసేదంతా ఆ కాయితం మీదే ఉంటుంది, కింది ఫొటోకు ఏమీ కాదు. 1990లో ఫొటోషాప్ మొదటిసారి వచ్చినప్పుడు ఈ సౌకర్యం లేదు, 1994లో మూడో వెర్షనుతో వచ్చింది. ఫైలు తెరవగానే కంట్రోల్ జె నొక్కు, ఫొటోకు నకలు లేయరు వస్తుంది. అసలుది అడుగున పడుంటుంది. ఇంక మాస్కు. లేయరు పక్కన తెల్ల గడి వస్తుందే, అది. దాని మీద నల్ల బ్రష్ రాస్తే ఆ భాగం దాక్కుంటుంది, తెల్ల బ్రష్ రాస్తే తిరిగొస్తుంది, బూడిదరంగు రాస్తే సగం సగం కనబడుతుంది. రబ్బరుతో చెరిపి ఫైలు మూసేస్తే అది ఇంక రాదు. మాస్కుతో దాచినదాన్ని ఏడాది తర్వాతైనా తెచ్చుకోవచ్చు, ఫైలును పీఎస్‌డీగా, అంటే లేయర్లు నిలిచే ఫొటోషాప్ ఫైలుగా, ఉంచుకున్నావంటే. జేపెగ్ కస్టమరుకిచ్చేదానికే, దాంట్లో లేయర్లు మిగలవు.

మచ్చలు తీసేదానికి రెండున్నాయి. క్లోన్ స్టాంప్ ఒకచోటి చర్మాన్ని ఉన్నదున్నట్టు ఇంకోచోట అచ్చు గుద్దుతుంది. హీలింగ్ బ్రష్ గరుకుతనం మాత్రం తెచ్చి, రంగూ వెలుగూ చుట్టుపక్కల దాంతో కలుపుతుంది. చెంప మధ్యలో మొటిమకు హీలింగే మేలు. జుట్టు అంచుల్లో, దవడ గీత దగ్గర మాత్రం అది పక్కనున్న నలుపును కూడా లాక్కొచ్చి మసిబారుస్తుంది, అక్కడ క్లోన్ వాడు. రెండూ ఖాళీ లేయరు మీదనే చెయ్యి, పైన శాంపిల్ అన్నచోట కరెంట్ అండ్ బిలో పెట్టుకో. మొటిమలు, దుమ్ము, పెదవి మీద చెమట, ఇట్లా నాలుగు రోజుల్లో పోయేవి తియ్యి. పుట్టుమచ్చలు, గాయాల గుర్తులు వాళ్లనడక్కుండా తియ్యొద్దు.

డాడ్జ్, బర్న్ అంటే ఏమి పేర్లని నవ్వినావు. అవి మా డార్క్‌రూము నుంచి పోయిన మాటలే. గోవిందరాజస్వామి గుడి దగ్గర మా పాత స్టూడియోలో ఎర్ర బల్బు కింద, నెగటివ్ బొమ్మను పెద్దది చేసి కాయితం మీద వేసే ఎన్లార్జర్ ఉండేది. నెగటివ్‌లోంచి వెలుతురు కాయితం మీద పడేటప్పుడు, సన్న తీగకు గుండ్రటి అట్టముక్క గుచ్చి మొహం మీద ఆడిస్తా ఉంటే ఆ చోట వెలుతురు తక్కువ పడి మొహం తేలిక రంగులో వస్తుంది. అది డాడ్జ్. అట్టకు బెజ్జం పెట్టి, ఆ బెజ్జంలోంచి ఇంకొన్ని సెకన్లు వెలుతురు పోనిస్తే ఆ చోటు ముదురుతుంది, అది బర్న్. అట్ట ఒక్క క్షణం కూడా నిలపకూడదు, నిలిపితే గీత పడుతుంది. కంప్యూటర్లోనూ అదే చెయ్యి. కొత్త లేయరు తీసుకుని 50 శాతం బూడిదరంగు నింపి, బ్లెండ్ మోడ్, అంటే కింది ఫొటోతో కలిసే తీరు, సాఫ్ట్ లైట్ చెయ్యి. ఆ బూడిదరంగు కంటికి కనబడదు. దాని మీద మెత్తటి బ్రష్, ఫ్లో (రంగు పారే జోరు) 5 శాతం పెట్టుకుని, తేలికకు తెలుపు, ముదురుకు నలుపు, ఒకటికి పదిసార్లు రాయి. కళ్ల కింద నీడ ఒకే దెబ్బకు తీస్తే మొహం ఉబ్బినట్టుంటుంది.

హిస్టోగ్రామ్ అంటే ఫొటోలో నలుపు నుంచి తెలుపు దాకా ఏ వెలుగు ఎంతుందో చూపే గ్రాఫు. దాన్ని చదవడం గంగమ్మ జాతర ఫొటోలతో నేర్చుకో. బైరాగి వేషం నాడు ఒళ్లంతా తెల్ల సుద్ద, బండ వేషం నాడు కుంకుమ, తోటి వేషం నాడు బొగ్గు. గ్రాఫులో ఎడమ కొస సున్నా, అంటే కటిక నలుపు. కుడి కొస 255, అంటే తెల్లటి తెలుపు. సుద్ద పూసుకున్న మనిషి గ్రాఫు కుడిపక్కకు పోతుంది, బొగ్గు పూసుకున్నాయనది ఎడమపక్కకు. రెండూ సరైనవే, మధ్యలోకి లాగాల్సిన పని లేదు. చూడాల్సింది కొసలో గోడకు గుద్దుకుని నిలబడిందా అని. నిలబడితే అక్కడ ఇంక వివరం లేదు. కొండ మీద గుండు చేయించుకుని, చందనం రాసుకుని మిట్టమధ్యాహ్నం దిగిన ఫొటోల్లో నడినెత్తి అట్లే పోతుంది. రా (RAW, కెమెరా కుదించకుండా ఉంచే ఫైలు) లో తీసి ఉంటే హైలైట్స్ తగ్గించి కొంత రాబట్టొచ్చు, జేపెగ్‌లో దాదాపు రాదు. కుంకుమ ఇంకా మోసం చేస్తుంది. మొత్తం గ్రాఫు బాగానే ఉంటుంది గానీ ఎర్ర ఛానెల్ (ఎరుపు, పచ్చ, నీలం మూడింట్లో ఎరుపుది) ఒక్కటీ 255 దగ్గర గోడకు గుద్దుకుని, ఎర్ర పట్టుచీర నేతంతా ఒకే ముద్ద అవుతుంది. అందుకని ఛానెళ్లు విడివిడిగా చూడు. రంగు పెంచాలంటే శాచురేషన్ కంటే వైబ్రెన్స్ నయం, ఇప్పటికే గాఢంగా ఉన్న రంగుల్ని అది జాస్తి పెంచదు.

పెళ్లి ఫొటోలకు వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపు తెల్లగా కనబడేట్టు రంగు సరిచేసేది, దాని దగ్గర అందరూ చేసే తప్పొకటుంది. మధుపర్కాలు తెల్లగా ఉన్నాయి గదా అని ఏది తెలుపో చూపించే ఐడ్రాపర్ బొమ్మను వాటి మీద నొక్కుతారు. వాటికి పసుపు రాసే ఉంటారు. ఆ పసుపునే తెలుపనుకుని సాఫ్ట్‌వేర్ ఫొటో మొత్తాన్ని నీలం వైపు నెడుతుంది, పెళ్లికూతురి మొహం జ్వరమొచ్చినట్టు పాలిపోతుంది. మండపంలో లైట్లు పెట్టగానే గ్రే కార్డు, అంటే బూడిదరంగు అట్ట, పట్టుకుని ఒక ఫొటో తీసి పెట్టుకో, తర్వాత దాని మీద నొక్కు.

పెళ్లికూతుర్ని తెల్లగా చెయ్యమని వాళ్లే అడుగుతారు. చెయ్యనని చెప్పు. నేను అట్లే చెప్తా ఉండా. ముందు వైట్ బ్యాలెన్స్ సరిచేసి, కళ్లకు రవంత డాడ్జ్ ఇచ్చి, ప్రింట్ చేతిలో పెట్టు. చాలామంది మళ్లీ అడగరు. నల్లటి చర్మం మీద నగల మెరుపు ఎంత బాగుంటుందో నీ కంటికి తెలుసు. దాన్ని పిండి పూసినట్టు చెయ్యడానికి నీకు ఈ పని నేర్పలేదు.

మిగతావి తొందరగా చెప్పేస్తా. అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన 12 ఇంటు 36 అంగుళాల ఆల్బం షీటుకు 3600 ఇంటు 10800 పిక్సెళ్లు కావాలి. ఇమేజ్ సైజులో రీశాంపిల్ టిక్కు తీసేసి, రెజల్యూషన్ 72ను 300గా మార్చితే పిక్సెళ్లు ఒక్కటీ పెరగవు. టిక్కు పెట్టి మార్చితే సాఫ్ట్‌వేర్ సొంతంగా కల్పిస్తుంది. వాట్సాప్‌లో మామూలుగా వచ్చే ఫొటో కుదించి ఉంటుంది, పెద్ద ప్రింటుకు డాక్యుమెంటుగా పంపమను. ల్యాబుకు, ఫోనుకు ఎస్ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతి చాలు. ఫ్లెక్సీ వాళ్లు సీఎంవైకే, అంటే అచ్చు సిరాల రంగుల పద్ధతి, అడిగితే నకలు తీసి మార్చు, అసలుది ఆర్‌జీబీలోనే ఉండనీ. షార్పెనింగ్, అంటే పదును పెంచడం, అన్నిటికంటే చివర, ప్రింటు కొలత ఖాయమయ్యాకే.

మే నెలలో జాతరకు వస్తావు గదా. వేషాలు నువ్వే తియ్యి, రాలో తియ్యి. సాయంత్రం కూర్చుని చూద్దాం. ఆ కనుబొమ్మ ఫైలు పీఎస్‌డీగా నా దగ్గరుంది, తెరిచి చూపిస్తా. లేయర్ల పక్కన ఉండే కన్ను గుర్తులు నొక్కి ఒక్కో లేయరే దాచుకుంటా పోతే, మచ్చ ఎక్కడ అతికించినానో నీకే కనబడుతుంది.

మీ అమ్మను అడిగినానని చెప్పు.

మామ