నేల తంగేడు: పండించడం సులువు, ఆరబెట్టడమే కష్టం

అనంతపురం జిల్లా కణేకల్లు దగ్గర మూడెకరాల ఇసుక నేల ఉన్నదని, వేరుశనగ వరుసగా దెబ్బతింటున్నదని, ఆ నేలలో నేల తంగేడు, అంటే సునాముఖి, వేయవచ్చా అని, పండిన ఆకును ఇంట్లో పెద్దవాళ్లకు మలబద్ధకం రాకుండా రోజూ ఇవ్వవచ్చా అని మీరు అడిగారు. వేయవచ్చు గాని మొదటి ఏడాదే మూడెకరాలూ వేయకండి, అర ఎకరంతో మొదలుపెట్టండి. రోజూ ఇవ్వడం మాత్రం వద్దు. మాది కల్యాణదుర్గం వైపు ఒక పల్లె. రెండెకరాల ఎర్ర గరప నేలలో ఐదేళ్లుగా ఈ పంట వేస్తున్నాను. అందులో ఒక ఏడాది మొదటి కోత నా తెలివితక్కువతనం వల్ల పోయింది. ఆ సంగతి కూడా చెబుతాను.

ముందుగా పేరు విషయంలో ఒక జాగ్రత్త. బతుకమ్మలో పేర్చే పసుపుపచ్చని తంగేడు పువ్వు వేరు, ఇది వేరు. రెండూ ఒకే ప్రజాతికి చెందిన దాయాదులే అయినా, ఆ తంగేడు బెరడు తోళ్లు పదును చేయడానికి పేరు పొందితే, ఈ నేల తంగేడు ఆకు, కాయ విరేచనకారిగా పేరు పొందాయి. పల్లెల్లో నేల తంగేడు అనే పేరుతో వేరే చిన్న మొక్కలను కూడా పిలుస్తారు కనుక, విత్తనం కొనేటప్పుడు సెన్నా అలెగ్జాండ్రినా అని, లేదా పాత పేరైన కాసియా అంగుస్టిఫోలియా అని అడిగి తీసుకోండి. దీని పుట్టినిల్లు సూడాన్, సోమాలియా, దక్షిణ అరేబియా ఎడారులు. హైదరాబాదు యునానీ దుకాణాల్లో దీనిని సనా మక్కీ అనడంలో ఉన్నది మక్కా పేరే. అలెగ్జాండ్రియా రేవు మీదుగా ఐరోపాకు వెళ్లినందువల్ల శాస్త్రీయ నామంలో ఆ ఊరు చేరింది. మన దేశంలో తిరునెల్వేలి ప్రాంతంలో ఎంతగా పండిందంటే, అంతర్జాతీయ వ్యాపారంలో దానికి తిన్నవెల్లి సెన్నా అనే పేరే స్థిరపడింది. నేటికీ తూత్తుకుడి వర్తకుల మాటే ఈ పంటకు ధర. రాజస్థాన్ థార్ ఎడారిలోనూ, కచ్ ప్రాంతంలోనూ కూడా దీనిని విస్తారంగా వేస్తారు.

హగరి ఒడ్డున ఇసుక దిబ్బలు పొలాల మీదికి జరిగి వస్తున్న మీ ప్రాంతానికి ఈ మొక్క స్వభావం తగినదే. దీని తల్లి వేరు లోతుగా దిగుతుంది, ఆకు మందంగా ఉంటుంది, కొంత చౌడును కూడా ఓర్చుకుంటుంది. నెల రోజులు వాన లేకపోయినా మా చేనులో మొక్క వాడిపోగా చూశానే గాని చచ్చిపోగా చూడలేదు. పశువులు, మేకలు దీనిని మేయవు కనుక కంచె ఖర్చు ఉండదు. వేరుశనగకు రాత్రిపూట అడవి పందుల కాపలా కాసిన మనవాళ్లకు దాని విలువ విడిగా చెప్పనక్కరలేదు. అయితే ఎండకు ఓర్చే ఈ మొక్క నిలువ నీటికి రెండు రోజులు కూడా ఓర్చదు. మా చేనులో పల్లంగా ఉన్న ఒక మూల ప్రతి వానకూ చచ్చిపోతూ ఉండేది. మూడవ ఏడాది ఆ మూలను వదిలేసి జొన్న వేసుకున్నాను. ఇంకొక అపోహ కూడా ఉన్నది. చిక్కుడు జాతి మొక్క కదా, నేలకు నత్రజని ఇస్తుందని నేనూ అనుకున్నాను. కానీ దీని వేళ్లకు బుడిపెలు రావు. అందువల్ల పశువుల ఎరువు వేయక తప్పదు. ఎకరానికి నాలుగైదు బండ్లు ఆఖరి దుక్కిలో వేసి కలియదున్నుతున్నాను.

విత్తడానికి మన జిల్లాలో ఉత్తర, హస్త కార్తెల్లో పడే వానలు అనువైనవి. విత్తనం పెంకు గట్టిది. మొదటి ఏడాది అలాగే చల్లితే పదింట నాలుగు కూడా మొలవలేదు. ఇప్పుడు గరుకు ఇసుకతో కలిపి రోటిలో తేలికగా నూరి, పెంకు గీరుకున్న తరువాత రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఉదయం నీడన ఆరబెట్టి విత్తుతున్నాను. గొర్రుతో విత్తితే ఎకరానికి 6 నుంచి 8 కిలోలు సరిపోతుంది. సాళ్ల మధ్య 45 సెంటీమీటర్లు ఉంచి, మొలిచిన తరువాత మొక్కకూ మొక్కకూ మధ్య 30 సెంటీమీటర్లు ఉండేలా పలచన చేయాలి. లోతు ఒకటి రెండు సెంటీమీటర్లు దాటకూడదు. విత్తిన వెంటనే పెద్ద వాన పడి ఎర్ర నేల పైపొర అట్టకడితే మొలక పైకి రాలేదు. మొదటి 40 రోజులు కలుపు తీయడమే అసలు పని. ఆ తరువాత మొక్క గుబురు కట్టి తన సంగతి తానే చూసుకుంటుంది. ఔషధ, సుగంధ మొక్కల మీద పరిశోధన చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సిమాప్ విడుదల చేసిన సోనా అనే రకం నేను వేస్తున్నాను. గుజరాత్‌లోని ఆనంద్ నుంచి వచ్చిన ఏఎల్ఎఫ్‌టీ-2 ఆలస్యంగా పూస్తుంది కనుక ఆకు కోసం పండించేవారికి అది ఇంకా మేలు. సిమాప్ పరిశోధన కేంద్రం హైదరాబాదు బోడుప్పల్‌లో ఉన్నది. విత్తనం గురించి అక్కడ అడగడం మంచిది.

పురుగు సంగతి. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న తెల్ల సీతాకోకచిలుకలు చేనులో తిరగడం కనబడితే, వారంలోపే ఆకుపచ్చని గొంగళి పురుగులు ఆకును కొరుక్కుతింటూ కనబడతాయి. మనం అమ్మేది ఆకునే, ఆ ఆకు మందుగా మనుషుల కడుపులోకి వెళ్లేది కనుక రసాయన మందు జోలికి పోవద్దు. గుడ్ల దశలోనే వేపగింజల కషాయం 5 శాతం చొప్పున పిచికారీ చేస్తే మాకు అదుపులో ఉంటున్నది.

విత్తిన 60, 70 రోజులకు ఆకు ముదిరి, మందమై, కొంచెం నీలి ఛాయ గల ఆకుపచ్చ రంగుకు వచ్చినప్పుడు మొదటి కోత కోయాలి. అంతకు ముందే తొలి పూమొగ్గలను తుంచేస్తే పక్క కొమ్మలు వచ్చి ఆకు పెరుగుతుంది. మొదటి కోత తరువాత నెలకు రెండవది, ఆ పైన నెలన్నరకు మూడవది. ఆఖరి కోతకు కాయ కూడా కలిసి వస్తుంది. ఆకును మొక్క మీద నుంచి దూయాలే తప్ప కొమ్మలు విరిచి తేకూడదు, ఎందుకంటే కాడ ఎక్కువగా కలిసిన సరుకును వర్తకుడు తక్కువ రకంగా లెక్క కడతాడు. వానాధారంలో, అన్ని కోతలూ కలిపి, మా చేనులో ఎకరానికి సుమారు 300 కిలోల ఎండాకు వస్తున్నది.

ఇక నా తెలివితక్కువతనం. రెండవ ఏడాది మొదటి కోత ఆకు ఎంతో బాగా వచ్చింది. వేరుశనగ కట్టెను కళ్లంలో ఆరబోసే అలవాటుతో దీనిని కూడా కళ్లంలోనే ఎండకు పోశాను. సాయంత్రం మబ్బు పట్టగానే కుప్ప చేసి పైన టార్పాలిన్ పట్ట కప్పాను. పచ్చి ఆకు కుప్పలో వేడి పుట్టి ఉడికిపోతుందని అప్పుడు నాకు తెలియదు. తెల్లవారి పట్ట తీస్తే సగం ఆకు నల్లబడి ఉన్నది. మిగిలిన దానిని ఎండలో ఆరబెడితే రంగు పోయి గోధుమ రంగుకు తిరిగింది. సరుకు చూసిన వర్తకుడు పిడికెడు ఆకును అరచేతిలో నలిపి, వాసన చూసి, మాట్లాడకుండా సంచి మూతి కట్టి పక్కన పెట్టాడు. ఆయనను తప్పు పట్టలేను. ఈ ఆకును నీడన, గాలి ఆడే చోట, పలచగా పరిచి, రోజుకు రెండు మూడు సార్లు తిరగేస్తూ వారం నుంచి పది రోజులు ఆరబెట్టాలి. అప్పుడు లేత ఆకుపచ్చ, పసుపు కలిసిన రంగులో నిలిచి, పట్టుకుంటే గలగలలాడుతుంది. మా ఇంట్లో పట్టుపురుగుల పెంపకం మానేసిన షెడ్డు ఒకటి ఖాళీగా ఉన్నది. నాలుగు వైపులా గాలి, లోపల అరల వరుసలు, పైన కప్పు. మూడవ ఏడాది నుంచి ఆ అరల మీదనే ఆకు పరుస్తున్నాను, అప్పటి నుంచి ఒక్క సంచి కూడా తిరిగి రాలేదు. మీకు అటువంటి షెడ్డు లేకపోతే, ఎంత విస్తీర్ణం వేయాలన్నది మీ పొలాన్ని బట్టి కాక, ఒక విడతలో మీరు నీడన పరచగలిగిన ఆకును బట్టి నిర్ణయించుకోండి. అర ఎకరంతో మొదలుపెట్టమని నేను అనడానికి కారణం అదే. ఆరిన ఆకును సంచులకు ఎత్తేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి; దాని దుమ్ము కొందరికి తుమ్ములను, ఆయాసాన్ని తెస్తుంది. మా కూలీలలో ఒకామె ఆ పని దగ్గరికి ఇప్పుడు రావడమే మానుకున్నది.

అమ్మకం గురించి ఒక్క మాట చాలు. మన మార్కెట్ యార్డుల్లో దీనికి వేలం లేదు. కొనేవారు ఎవరో, ఎంత సరుకుకు లారీ పంపుతారో, ఏ ధర ఇస్తారో విత్తక ముందే మాట్లాడుకోండి, ఆ తరువాతే విత్తనం కొనండి.

మీ రెండవ ప్రశ్నకు వస్తాను. నేల తంగేడు నాటు వైద్యుల ఊహ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో కూడా ఉన్నది. ఇందులోని సెన్నోసైడ్లు అనే పదార్థాలు జీర్ణాశయంలో, చిన్న పేగులో మారకుండా పెద్ద పేగుదాకా వెళ్లి, అక్కడి సూక్ష్మజీవుల వల్ల చురుకైన పదార్థంగా మారి, పేగు కదలికను పెంచి, నీరు ఇంకకుండా చేస్తాయి. ఇందుకు 6 నుంచి 12 గంటలు పడుతుంది కాబట్టే రాత్రి పడుకునే ముందు తీసుకోమంటారు. పేగును ఇలా గిలకొట్టడం వల్లనే కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వస్తుంది. ఆయుర్వేదంలోని పంచసకార చూర్ణంలో దీనికి శొంఠి, సోంపు, సైంధవ లవణం, కరక్కాయ జోడించడంలోనూ, యునానీ వైద్యంలో గులాబీ రేకులు కలపడంలోనూ ఆ నొప్పిని తగ్గించే ఆలోచన ఉన్నది. మూత్రం పసుపుగానో ఎర్రగానో మారితే కంగారు పడవద్దు, అది ఈ ఆకు రంగే.

ఇక రోజూ ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. డెబ్బయ్యేళ్లు దాటిన మా మేనమామకు నా చేను ఆకునే పొడి కొట్టి ఒక సీసా ఇచ్చాను. అవసరమైనప్పుడు మాత్రమే అని చెప్పాను గాని, సుఖంగా ఉన్నదని ఆయన నాలుగు నెలలు ప్రతి రాత్రీ వేసుకున్నారు. దానికి తోడు రక్తపోటుకు మూత్రం జారీ చేసే మాత్ర కూడా వాడుతున్నారు. కాళ్లు లాగడం, నడవలేనంత నీరసం మొదలైతే ఆసుపత్రికి తీసుకువెళ్లాము. రక్తంలో పొటాషియం బాగా తగ్గిపోయిందని చెప్పిన డాక్టరుగారు, ఇంకేమేమి వాడుతున్నారని గుచ్చి గుచ్చి అడిగినప్పుడు ఆ సీసా సంగతి బయటపడింది. ఆకు మందు కదా, మందులు చెప్పమంటే దాని పేరు చెప్పాలని ఆయనకు తోచనే లేదు. ఆ సీసా ఇచ్చింది నేనే కనుక ఆ రోజు ఆసుపత్రి వరండాలో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అందువల్ల మీ ఇంట్లో పెద్దవాళ్లకు మొదట నీళ్లు, పీచు ఉన్న తిండి, కొద్దిపాటి నడక చూడండి. అవి చాలనప్పుడు, రెండు మూడు రాత్రులకు, ఎక్కువలో ఎక్కువ వారానికి మించకుండా, ఒక గ్రాము లోపు ఎండాకు పొడి చాలు. అది టీ చెంచాలో సగం కూడా ఉండదు. ఏ కోత ఆకులో ఎంత బలం ఉన్నదో ఇంట్లో మనకు తెలియదు కాబట్టి, పండించే నేను కూడా మా ఇంటికి సెన్నోసైడ్లు కొలిచి చేసిన మాత్రలనే మందుల దుకాణంలో కొంటున్నాను. కారణం తెలియని కడుపు నొప్పి, వాంతులు, పేగులో అడ్డు ఉన్నదన్న అనుమానం ఉన్నప్పుడు అసలు ఇవ్వకూడదు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, గుండెకు డిగాక్సిన్ గాని, మూత్రం జారీ చేసే మాత్రలు గాని వాడుతున్నవారికి డాక్టరును అడగకుండా ఇవ్వవద్దు. మీ పెద్దవాళ్లు రక్తపోటుకు ఏ మాత్ర వాడుతున్నారో దాని అట్ట తీసుకువెళ్లి, ఈ ఆకు పేరు కూడా చెప్పి, ముందు అడిగి రండి.