రీస్లింగ్‌లో కిరోసిన్ వాసన, షిరాజ్‌లో మంట

ఆస్ట్రేలియాలోని క్లేర్ వ్యాలీ నుంచి వచ్చిన రీస్లింగ్ అనే తెల్ల వైన్ కిరోసిన్ వాసన వేస్తోందని, అదే దేశంలోని బరోసా నుంచి వచ్చిన షిరాజ్ అనే ఎర్ర వైన్ గొంతులో మండుతోందని, రెండూ పారబోయాలా అని అడిగారు. ఆగండి, వద్దు.

ముందు రీస్లింగ్ ఏ సంవత్సరం పంటో చూడండి. ఐదారేళ్లు దాటితే ఆ వాసన మామూలే. ద్రాక్షలోని కెరోటినాయిడ్లనే రంగు పదార్థాల నుంచి ఆ వాసన ఇచ్చే టీడీఎన్ అనే పదార్థం పుడుతుంది, ఎండ బాగా తగిలిన పండైతే ఇంకా ఎక్కువ. నాకైతే పాత వైన్‌లో అది ఇష్టం, నిరుటి వైన్‌లో ఘాటుగా వస్తే మాత్రం నచ్చదు. దాని వెనక నిమ్మ, కాల్చిన బ్రెడ్ వాసనలు తెలుస్తున్నాయంటే సీసా బాగున్నట్టే. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అనుమానించాలి, అది కార్క్ దోషం, అంటే కార్క్ బిరడా వల్ల వైన్ చెడడం. క్లేర్‌లో చాలామంది వైన్ తయారీదారులు 2000 పంట నుంచే స్క్రూ మూతకు మారారు కాబట్టి ఆ టెన్షన్ తక్కువ.

షిరాజ్ మంటకి విరుగుడు ఫ్రిజ్. బరోసాలో ఆల్కహాల్ 14.5 శాతం ఉండడం సాధారణం, వేడి గదిలో ముక్కుకి ముందు తగిలేది అదే. ఓ ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి 16-18 డిగ్రీల దగ్గర పోసుకోండి. గ్లాసు మూడో వంతుకి మించి నింపొద్దు. అప్పటికీ మంటే తప్ప పండు రుచి తెలియకపోతే మొహమాటం లేకుండా ఆ వైన్‌కి మీరిచ్చే మార్కులు తగ్గించండి.