అన్నయ్యతో ఆరేళ్లుగా మాటల్లేవు, ముందు నేనే వెళ్లాలా?

ప్రశ్న: నాన్నగారు పోయాక ఇంటి వాటా దగ్గర అన్నయ్యకీ నాకూ గొడవైంది. ఆరేళ్లుగా మాటల్లేవు. ఇద్దరం ఒకే చర్చి సంఘానికి వెళ్తాం. ఆ రోజు కోపంలో వదిన, పిల్లల ముందే 'నాన్న బతికుండగా ఏనాడైనా పట్టించుకున్నావా' అనేశాను. కానీ మోసపోయింది నేనే కదా. ఇప్పుడు అమ్మ మంచం పట్టింది. రోజూ చూడ్డానికి వెళ్తాను. కాసేపటికే టైమ్ చూసి, 'ఇక బయల్దేరమ్మా, అన్నయ్య వచ్చే వేళైంది' అంటుంది. ఆయన్ని క్షమించానని ప్రార్థనలో చెప్పుకున్నాను, కనబడితే మాత్రం గుండె మండిపోతుంది. క్షమించడమంటే నా వాటా వదులుకోవడమా? ముందు నేనే వెళ్లాలా?

జవాబు: సహోదరీ, మీ ఉత్తరంలో నన్ను కదలనివ్వనిది అమ్మ అన్న ఆ మాట. బిడ్డలిద్దరూ గుమ్మంలో ఎదురుపడకుండా ఆ తల్లి జబ్బులో కూడా గడియారం చూసుకుంటోంది. ఆవిడ టెన్షన్ అంతా అదే.

అవును, మీరే ముందు వెళ్లండి. దేవునికి అర్పణ తెచ్చినవాడికి యేసు ప్రభువు ఏం చెప్పాడో బైబిల్లో మత్తయి 5:23-24లో మళ్లీ చూడండి. నీకు నీ సహోదరుడి మీద కోపం ఉంటే అనలేదు. 'నీమీద నీ సహోదరునికి విరోధమేమైన' ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి వెళ్లమన్నాడు. మనం ఈ మాటని తిరగేసి చదువుకుంటాం. అన్నయ్య మీకు చేసిన అన్యాయం ఆరేళ్లుగా మీకు కంఠతా వచ్చు. మీరు ఆయన్ని అన్నది మాత్రం ఒక్క వాక్యంలో దాటేశారు. ఆయన పట్టించుకోలేదన్నది నిజమే అనుకుందాం. అయినా కన్నపిల్లలు చూస్తుండగా ఆ మాట పడ్డ మనిషి దాన్ని ఎలా మర్చిపోతాడు? వాటా విషయంలో తప్పు ఆయనదే కావచ్చు, ఈ మాట మాత్రం మీది.

దానికే క్షమాపణ అడగండి. 'ఆ రోజు పిల్లల ముందు అలా అనకుండా ఉండాల్సింది అన్నయ్యా, తప్పు నాదే.' అక్కడితో ఆపేయండి. 'కానీ నువ్వు కూడా...' అని మొదలుపెట్టారో, వెళ్లిందంతా వృథా. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టొద్దు. అమ్మ చేత కబురు అసలే వద్దు.

క్షమించడమంటే వాటా వదులుకోవడం కాదు. అయితే క్షమాపణ అడిగిన రోజే ఆ ఊసెత్తితే అది బేరంలా వినబడుతుంది. ఇంకో రోజు, మీ ఇద్దరికీ నమ్మకమున్న సంఘపెద్దని కూర్చోబెట్టి, కాగితాలు ముందు పెట్టుకుని మాట్లాడండి. సహోదరుల తగువు తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా అని, తొలి సంఘాలకి ఉత్తరాలు రాసిన పౌలు కొరింథు సంఘాన్ని అడిగింది ఇందుకే.

గుండె మంట గురించి: మీ ప్రార్థన అబద్ధమని అనుకోకండి. క్షమించాలని మనసు నిర్ణయించుకున్నాక కూడా గాయం మానడానికి చాలా రోజులు పడుతుంది. మండినప్పుడల్లా అదే ప్రార్థన మళ్లీ చేయండి.

అంతా మునుపటిలా అయిపోవాలన్న ఆశ మాత్రం పెట్టుకోవద్దు. బైబిల్లో యాకోబు, అన్న ఏశావుకి రావాల్సిన తండ్రి దీవెనని మోసంతో దక్కించుకుని పారిపోయాడు. 20 ఏళ్ల తర్వాత ఆ అన్నని కలవబోతూ వణికిపోయాడు. ఏశావు 400 మందితో ఎదురొస్తున్నాడు మరి. యాకోబు ఏడుసార్లు నేలమీద సాగిలపడ్డాడు. ఏశావేమో పరుగెత్తుకొచ్చి కౌగిలించుకున్నాడు. మనం ప్రసంగాల్లో వినేది ఇంతవరకే. ఆ తర్వాత కలిసి వెళ్దామని ఏశావు పిలిచినా యాకోబు వెళ్లలేదు. ఏశావు శేయీరుకి, యాకోబు సుక్కోతుకి, ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. అది కూడా సమాధానమే, అంటే శాంతే. తండ్రి ఇస్సాకు చనిపోయినప్పుడు ఆ ఇద్దరు కొడుకులూ కలిసే పాతిపెట్టారు. మీ అమ్మ మాత్రం మీ ఇద్దర్నీ పక్కపక్కన చూడ్డానికి అంతవరకూ ఆగక్కర్లేదు. ఆమె ఇంకా బతికే ఉంది.

అన్నయ్య కేకలేయొచ్చు, తలుపే తీయకపోవచ్చు. అందరితో సమాధానంగా ఉండమని చెబుతూ 'శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు' అన్నాడు పౌలు రోమా 12:18లో. మీ చేతిలో ఉన్నది వెళ్లడం, ఆ మాట చెప్పడం. ఏమీ అనకుండా తిరిగొచ్చి, కొన్ని వారాలాగి మళ్లీ వెళ్లండి.

వచ్చే ఆదివారం ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనలో, చేయి వేయకముందే, శనివారమే వెళ్లండి. ఆ తర్వాత అమ్మ దగ్గర కూర్చున్నప్పుడు, ఆవిడ టైమ్ చూసి 'బయల్దేరమ్మా' అంటే, ఇంకో పది నిమిషాలు అక్కడే ఉండండి.