సెట్‌బ్యాక్ తగ్గించే అధికారం కౌన్సిల్‌కు ఉందా?

ప్రశ్న: తెలంగాణలోని ఒక పురపాలక పట్టణంలో, 30 అడుగుల రోడ్డు మీద మాకు 150 గజాల స్థలం ఉంది. చిన్న స్థలాలవారికి భారమవుతున్నందున సెట్‌బ్యాక్‌ను (ఇంటి చుట్టూ ఖాళీగా వదలవలసిన స్థలాన్ని) తగ్గిస్తూ కౌన్సిల్ తీర్మానం చేయబోతున్నదని మా వార్డులో చెప్పుకుంటున్నారు. ఆ నమ్మకంతోనే పక్కింటివారు మా ప్రహరీని ఆనుకొని పిల్లర్లు లేపారు. తీర్మానం జరిగితే అది చెల్లుతుందా? మేమూ అలాగే కట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: చెల్లదండీ. కౌన్సిల్ ఈ విషయాన్ని చర్చించవచ్చు, తీర్మానించి ప్రభుత్వానికి పంపవచ్చు. అంతకు మించి సెట్‌బ్యాక్ కొలతలను మార్చే అధికారం దానికి లేదు. 2012 ఏప్రిల్ 7న ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం జీవో 168 ద్వారా ఇచ్చిన భవన నిర్మాణ నిబంధనలే, తర్వాతి సవరణలతో, తెలంగాణ పట్టణాలకు ఆధారంగా ఉన్నాయి. (ఆంధ్రప్రదేశ్ 2017లో వేరే నిబంధనలు చేసుకున్నది.) వాటిని సవరించవలసింది రాష్ట్ర ప్రభుత్వమే.

మీ 150 గజాలు సుమారు 125 చదరపు మీటర్లు. 100 నుంచి 200 చదరపు మీటర్ల లోపు స్థలంలో, 10 మీటర్ల ఎత్తు వరకు కట్టుకునే ఇంటికి, మీది వంటి రోడ్డు వైపు మీటరున్నర, మిగిలిన వైపుల ఒక్కో మీటరు వదలాలని ఆ జీవో చెబుతున్నది. చిన్న స్థలంలో అది బాధగానే ఉంటుంది, కాదనను. కానీ ఇరువురూ చెరొక మీటరు వదిలితేనే రెండిళ్ల మధ్య ఆరున్నర అడుగుల సందు మిగులుతుంది. కిటికీకి వెలుతురు, గాలి అందేదీ, నిప్పంటుకున్నప్పుడు మనిషి నిచ్చెనతో రాగలిగేదీ ఆ సందులోనే. ఒకరు మింగేస్తే రెండోవారు వదిలిన మీటరు కూడా సగం వ్యర్థమవుతుంది. అందుకే పక్కవారిని చూసి మీరూ అలాగే కట్టవద్దని గట్టిగా కోరుతున్నాను.

పైగా భవన అనుమతుల కోసం తెలంగాణ చేసిన 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం వచ్చాక 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో, 10 మీటర్ల ఎత్తు మించని ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి లభిస్తున్నది. ముందుగా ఎవరూ వచ్చి కొలవకపోవచ్చు గాని, నిబంధనల ప్రకారమే కడతానని సంతకం చేసింది యజమానే గనుక తప్పు తేలినప్పుడు బాధ్యతా ఆయనదే. జరిమానా కట్టి సరిచేసుకునే వీలు ఎత్తైన భవనాలు కాని వాటికి ఉన్నప్పటికీ, అది సెట్‌బ్యాక్‌లో 10 శాతం లోపు తేడాకే, అదీ ముందు వైపు మినహా. మీటరులో 10 శాతమంటే నాలుగు అంగుళాలు. ప్రహరీని ఆనుకున్న పిల్లరుకు ఆ వెసులుబాటు వర్తించదు. ఏళ్లు గడిచినంత మాత్రాన, డబ్బు ఖర్చుపెట్టినంత మాత్రాన అక్రమ నిర్మాణం సక్రమం కాదని సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 17న స్పష్టంగా చెప్పింది.

కనుక స్లాబు పడక ముందే కదలండి. పక్కింటివారితో ఒకసారి మర్యాదగా మాట్లాడి, ఫలితం లేకపోతే మున్సిపల్ కమిషనర్‌కు ఫొటోలతో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్లు రసీదు తీసుకోండి. మంజూరైన ప్లాన్ నకలును సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. సెట్‌బ్యాక్ తగ్గింపుపై మీ అభిప్రాయాన్ని మాత్రం వార్డు కౌన్సిలర్‌తో పాటు రాష్ట్ర పురపాలక శాఖకు కూడా పంపండి. నిర్ణయం జరిగేది అక్కడే.